మెరుగు పెట్టిన మాటలు

రోహిణి కార్తె

దుమ్ము ఎక్కువ. నీళ్ళు సగం ట్యాంకు. అందరూ పనికొచ్చారు.

నా పేరు తిప్పక్క. నీడపేట తొమ్మిదో యార్డులో చిట్టా రాసే పని నాది. ఊరి మీద కప్పిన సౌరపలకల పైన ఎంత దుమ్ము పేరుకుంది, కడగడానికి నీళ్ళెన్ని మిగిలాయి, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నవి రాయాలి. కింద మిగిలే ఖాళీని ఎవరూ చదవరు. ఇవాళ ఆ ఖాళీలో నా సంతోషం రాసుకుంటాను. మా చిత్రావతికి మొదటి వరుస బడిలో సీటొచ్చింది.

పలకల కింద ఉన్న ఊరు ఒకటే అయినా చల్లవాడలో గాలి కూడా చల్లగా ఉంటుంది. మా రేకులవాడకు నీడ మాత్రమే దక్కుతుంది. మా వాడ పిల్లలు షెడ్డు బడికి పోతారు. అక్కడ షెడ్డంతటికీ కలిపి ఒకటే తెర. మొదటి వరుసలో అలా కాదు. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క చెవిపూస ఇస్తారు. అందులోని గురువు పగలూ రాత్రీ ఆ పిల్ల ఒక్కదానితోనే మాట్లాడతాడు. అక్కడ చదివినవాళ్ళకే తర్వాత ఏ తలుపైనా తెరుచుకుంటుంది.

ఆ సీటు మా తాహతుకు అందేది కాదు. మిట్టమధ్యాహ్నం షిఫ్టులో పైకప్పు ఎక్కేవాళ్ళ పిల్లలకు యార్డు పూచీ పడుతుంది. ఆ వేళప్పుడు పైకి ఎవరూ ఎక్కరు. మా ఆయన వన్నూరప్ప ఎక్కుతానన్నాడు.

"ఆ ఎండకు మనిషి మాడిపోతాడబ్బా," అన్నాను.

"నాకేం కొత్తనా ఎండ? పుట్టిండేదే దాన్లో," అని నవ్వాడు.

బడిలో ప్రవేశాలు చూసే ఆమని మేడం ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఇంట్లో వినపడే భాషకు కొంచెం మెరుగు పెడతామని, ఒప్పుకున్నట్టు వేలు ఆనించమని చెప్పింది.

"మెరుగంటే మంచిదే కద మేడం. బంగారానికి గూడా పెడతారు," అన్నాడు వన్నూరప్ప.

ఇద్దరం వేలు ఆనించాం. చిత్రావతి చెవిలో పూస పెట్టారు. వేరుశనగ గింజంత ఉంది. స్నానానికీ, నిద్రకూ కూడా తీయనక్కర్లేదట. బడివాళ్ళను అడగకుండా తీస్తే మాత్రం మొదటిసారి హెచ్చరిక, రెండోసారి సీటు రద్దు.

మృగశిర కార్తె

దుమ్ము ఎక్కువ. గాలి మొదలైంది. నీళ్ళ బండి రాలేదు.

పాప మారింది. రమ్మంటే వస్తోంది, చదవమంటే చదువుతోంది. ఆరేళ్ళ పిల్లలో ఇంత మార్పు ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

ఒక్కటే అర్థం కావడం లేదు. నిన్న ఆడుకుని వచ్చింది. "యాడ తిరిగొస్తివే? ఆ కాళ్ళు చూడు, మన్ను! పో, కడుక్కోపో," అన్నాను. తలెత్తి నా మొహంలోకి చూసి, "అయితే ఎర్రమన్నులో నిజంగా ఇనుము ఉంటుందా అమ్మా?" అంది. నేను ఇనుము మాటే ఎత్తలేదు.

"సదువుకునే పాప. నువ్వొకటంటే పది అనుకుంటాది," అన్నాడు వన్నూరప్ప.

రాత్రి సంగటి ముద్ద ముందు పెట్టుకుని దిక్కులు చూస్తోంది. రోజంతా చాకిరీ చేసి ఉన్నాను, విసుగొచ్చింది. "తింటే తిను, లేకుంటే గమ్మున పండుకో," అన్నాను. వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "నాకు కూడా నువ్వంటే చాలా ఇష్టం అమ్మా," అంది.

బిత్తరపోయాను. కానీ ఆ చేతులు తీసేయబుద్ధి కాలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఆర్ద్ర కార్తె

దుమ్ము రాసుకోలేనంత. రెండు పలకలు పగిలాయి.

ఆమని మేడాన్ని అడిగి తేల్చుకుందామని బడికి వెళ్ళాను. పిల్లల్ని వదిలే వేళ అది. గేటు దగ్గర చల్లవాడ శర్వాణి గారు కొడుకును తిడుతున్నారు. "బుద్ధుందా నీకు? గాడిదలా పెరిగావు, నీళ్ళసీసా ఎన్నోది ఇది పారేయడం?" ఆ పిల్లవాడి మొహం వాడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, వాణ్ణి దగ్గరికి తీసుకుని ముక్కు తుడిచారు.

నేను తిడితే నా కూతురు కళ్ళలో నీళ్ళు తిరిగి ఎన్నాళ్ళయిందా అని ఆలోచిస్తూ లోపలికి పోయాను.

ఆమని మేడం ఏదీ దాచలేదు. "మీరన్నదాని సారం పోదండీ. తినమంటే తినమనే వినపడుతుంది. గొంతు కూడా మీదే. మాట మాత్రం కొంచెం ఓపిగ్గా ఉంటుంది, కొంచెం విషయం కలుస్తుంది. కోపం, భయం, మోటుమాట వడపోస్తాం. వాటివల్ల చదువు కుంటుపడుతుంది."

"మరి బయట ఆ మేడం గాడిదంటే ఆ పిల్లోడికి గాడిదనే ఇనపడింది గదా?"

"వాళ్ళది మెరుగు అక్కర్లేని ఇల్లని పరీక్షలో తేలిందండీ."

మాటలో వెటకారం లేదు. నా ముందు మంచినీళ్ళు పెట్టింది. "నేనూ రేకులవాడ పిల్లనే. మా అమ్మ మాటకు కూడా మెరుగు పెట్టారు. లేకపోతే ఈ కుర్చీలో ఉండేదాన్ని కాదు."

"అమ్మ బాగుండాదా?"

"ఉంది." నా గ్లాసులో మళ్ళీ నీళ్ళు నింపింది. "చదువైపోయి పూస తీసేశాక వెళ్ళాను. చాలా మంచి మనిషి అని అందరూ అంటారు. ఏం మాట్లాడాలో మా ఇద్దరికీ తోచదు."

పుష్యమి కార్తె

తుపాను గాలి. పని లేదు. సిగ్నలు టవరు పడిపోయింది. నష్టం ఇంకా లెక్క కట్టలేదు.

టవరు పడినప్పుడు మిట్టమధ్యాహ్నం. గాలి ముదరడంతో పైనున్నవాళ్ళను ముందే దింపేశారు. వన్నూరప్ప యార్డులో చిక్కుకుపోయాడు. ఇంట్లో నేనూ పాపా. బయట రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి. ఎర్రదుమ్ముతో పట్టపగలే చీకటి పడింది.

పాప చెవిలో వేలు పెట్టుకుని కదిలించింది. "గురువుగారు మాట్లాడడం లేదు," అంది. టవరు లేక పూస పనిచేయడం లేదు. అది మాట్లాడటం మానితే బయటి మాట ఉన్నదున్నట్టు లోపలికి పోతుందని నాకప్పుడే తట్టింది. ఇన్నాళ్ళకు నా బిడ్డతో నేను మాట్లాడబోతున్నాను.

"పాపా, బయపడాకు. ఇట్ల రా, నా ఒళ్ళో కూకో," అన్నాను.

కదల్లేదు. నన్ను వింతగా చూసింది. "ఎందుకలా మాట్లాడుతున్నావమ్మా?"

"యెట్ల మాట్లాడినా? బాగనే మాట్లాడినా కద. రా నా బంగారు."

"కోపమొచ్చిందా?"

"లేదమ్మా, కోపమేం లేదు."

"మరి మామూలుగా మాట్లాడు."

మామూలుగా మాట్లాడాలని చూశాను. బళ్ళో మేడం మాట్లాడినట్టు, తెరల్లో చెప్పినట్టు. నాలుగు మాటలకే నాలుక మడతపడింది. వదిలేసి, నా చిన్నప్పుడు మా జేజి చెప్పిన నక్క కథ ఎత్తుకున్నాను. పాప వినడం లేదు. గోడకు ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని నా నోటి వంకే చూస్తోంది. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటే గట్టిగా ఏడ్చింది. "మా అమ్మ కావాలి," అంది.

నేనే కదే మీ అమ్మను అన్నాను. అన్నకొద్దీ ఎక్కువ ఏడ్చింది. చివరికి నేనే దూరంగా జరిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. మాట్లాడకపోతే ఊరుకుంది.

సాయంత్రానికి టవరు నిలబెట్టారు. పాప ఉన్నట్టుండి తల నిటారుగా ఎత్తింది. "ఏమాయె?" అన్నాను. పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది.

"వచ్చేశావా అమ్మా," అంది.

ఆశ్లేష కార్తె

దుమ్ము మధ్యస్థం. నీళ్ళు నిండుగా.

బడి మాన్పిద్దామని వన్నూరప్పతో అన్నాను. జరిగిందంతా చెప్పాను. పని బట్టలైనా విప్పకుండా తల దించుకుని విన్నాడు. మెడ మీద చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది.

"మాన్పిచ్చి యాడికి పంపుదాం? షెడ్డుకా?"

"పంపుదాం. మా అక్క కూతురు పోతాలేదా?"

"పోయి చూసిరా ఒకసారి. చూసొచ్చినాక నువ్వెట్లంటే అట్ల."

మా అక్క ఓబుళమ్మ ఆ షెడ్డు బడిలోనే వంట చేస్తుంది. ఆమె కూతురు సుంకికి పదేళ్ళు. నేను పోయేసరికి తెర మీద భిన్నాలు చెబుతున్నారు. పాఠం మధ్యలో ఆగింది. బిస్కెట్ల ప్రకటన వచ్చింది, తర్వాత సబ్బుది. మళ్ళీ పాఠం వచ్చేసరికి అది వేరే పాఠం. పిల్లలెవరూ తేడా గమనించలేదు. సగంమంది నిద్రపోతున్నారు. సుంకిని పిలిచి గోడ మీది రాత చదవమన్నాను. కూడబలుక్కుని మొదటి మాట చదివి, నవ్వి, పరిగెత్తిపోయింది.

"వచ్చే ఏడు నుంచి పలకలు తుడిచే పనికి దీని పేరు రాసుకున్న్యారు," అంది అక్క.

నా బాధ చెప్పుకున్నాను. అక్క గరిటె పక్కన పెట్టింది.

"నా కూతురు నేను చెప్పిన ప్రతి మాటా ఇంటాదే తిప్పక్కా. తిట్టితే ఏడుస్తాది, నవ్విస్తే నవ్వుతాది. ఇని ఏం చేస్తాది? నా మాదిరి గంజి కాస్తాది. నీ కూతురికి నువ్వు ఇనపడకుంటే ఇనపడకపోనీ. దాని బతుకు బాగుపడనీ."

తిరిగొచ్చేటప్పుడు షెడ్డు గుమ్మంలో సుంకి వాళ్ళమ్మ భుజం మీద గడ్డం ఆనించి ఏదో గుసగుసలాడుతోంది. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. చూడలేక గబగబా నడిచాను.

మాన్పించలేదు.

చిత్త కార్తె

దుమ్ము తక్కువ. పలకలు శుభ్రం.

చిత్రావతి తరగతిలో మొదటొచ్చింది. పెద్ద పుస్తకాలు చదువుతోంది. వాళ్ళ నాయన మందుసీసా మీద ఉన్నదంతా చదివి వినిపించి, ఏ పూటకు ఎంత వేసుకోవాలో చెప్పింది. ఆయన మురిసిపోయి వాడంతా చెప్పుకున్నాడు.

ఆయన పాపతో మాట్లాడటం తగ్గించాడు. "మాట్లాడితే ఎవరిదో అయిపోతాంది," అంటాడు. దానికి బదులు ఈల నేర్పిస్తున్నాడు. పాప పెదవులు సున్నాలా చుట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఊదుకుంటారు. నాకు ఈల రాదు. చూస్తూ కూర్చుంటాను.

కృత్తిక కార్తె

పైకప్పు మీద నిప్పులు చెరుగుతోంది. మధ్యాహ్నం షిఫ్టులో ఒకరు పడిపోయారు.

ఆ ఒకరు ఎవరో పై గడిలో రాశాను. నా చేత్తోనే రాశాను. బోయ వన్నూరప్ప, మధ్యాహ్నం షిఫ్టు.

ఆసుపత్రిలో ఐసుగడ్డల మధ్య పడుకోబెట్టారు. ఒళ్ళు మాత్రం కాలిపోతోంది. లోపల అన్నీ ఉడికిపోయాయమ్మా, పిల్లను చూపించేయండి అన్నాడు డాక్టరు. బడినుంచి పాపను తీసుకొచ్చాను.

పాపను చూడగానే ఆయన ఈల వేయబోయాడు. పెదవులు ఎండిపోయి వట్టి గాలే వచ్చింది. పాప మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. వన్నూరప్ప జన్మలో ఎవరిముందూ భయమన్న మాట అనలేదు. అప్పుడన్నాడు.

"బయమైతాంది పాపా. నా చెయ్యి ఇడవద్దు."

పాప తల ఊపింది. "అలాగే నాన్నా," అంది. చెయ్యి వదిలేసింది. కళ్ళు తుడుచుకుంది. లేచి, బడిలో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టు, నిటారుగా నిలబడింది.

ఆయన చెయ్యి ఖాళీగా దుప్పటి మీద వెతికింది. నేను అవతలి వైపు ఉన్నాను. మంచం చుట్టూ తిరిగి వచ్చి అందుకున్నాను. అప్పటికీ ఆయన చూపు పాప మీదే ఉంది. ఎందుకు వదిలేసిందో అర్థం కాని చూపు. ఆ చూపుతోనే పోయాడు.

రోహిణి కార్తె

దుమ్ము ఎక్కువ. నీళ్ళు తక్కువ. మధ్యాహ్నం షిఫ్టుకు ఒకరు కొత్తగా చేరారు.

కొత్తగా చేరింది నేనే. ఇంట్లో ఒకరు పైకి ఎక్కుతున్నంత కాలం పాప సీటుకు పూచీ ఉంటుందని యార్డువాళ్ళు చెప్పారు. దిగొచ్చాక చిట్టా రాస్తున్నాను. వేళ్ళు బొబ్బలెక్కి అక్షరాలు వంకర పోతున్నాయి.

పాప ఏడవడం లేదు. కర్మకాండల్లో కూడా బుద్ధిగా కూర్చుంది. చుట్టాలందరూ ఎంత నిబ్బరమో అన్నారు. నాకది భరించరాకుండా ఉంది. ఆయన కోసం ఆయన కూతురు ఒక్కసారైనా ఏడవాలి. ఇవాళ మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికి పోయి, ఎండదెబ్బకు తల తిరుగుతుండగానే, పాపను కూర్చోబెట్టి చెవిపూస తీసేశాను. హెచ్చరిక వస్తే రానీ అనుకున్నాను.

"మీ నాయన ఆ పొద్దు నీతో ఏమన్న్యాడో తెలుసునా?"

నా గొంతు వినగానే ముడుచుకుంది. అయినా జవాబిచ్చింది. "తెలుసు. భయపడకు తల్లీ, చదువు ఆపకు, నేనెప్పుడూ నీతోనే ఉంటాను, ఇప్పుడు చెయ్యి వదిలి ధైర్యంగా నిలబడు, అన్నాడు."

చేతిలోని పూసను పిడికిట్లో బిగించాను.

"లేదు పాపా. బయమైతాందన్న్యాడు."

"నాన్న అలా అనలేదు."

"నా చెవులతో ఇన్న్యా. బయమైతాంది, నా..."

అక్కడ ఆగిపోయాను. తర్వాతి మాట నాలుక చివర ఉంది. అది అంటే, చెయ్యి వదలొద్దని నాయన బతిమాలుకుంటుంటే వదిలేశానని ఈ పిల్లకు తెలుస్తుంది. ఏడేళ్ళ పిల్ల. బతికినన్నాళ్ళూ ఆ చేతిని మోస్తుంది.

"నా ఏంటి?" అంది పాప. అరచేతులతో చెవులు సగం మూసుకుని ఉంది.

"ఏం లేదు. నేనే సరిగ్గా ఇనలేదేమో."

పూసను తిరిగి పాప చెవిలో పెట్టాను. పెట్టాక ఆమె ముందే కూర్చుని ఏడ్చాను. ఎంత గట్టిగా ఏడ్చానో వాడంతా విని ఉంటుంది. పాప నా తల నిమిరింది. "నువ్వు చాలా ధైర్యవంతురాలివమ్మా," అంది.

సాయంత్రానికే బడినుంచి హెచ్చరిక వచ్చింది.

మృగశిర కార్తె

దుమ్ము మధ్యస్థం. రెండు చినుకులు పడ్డాయి.

బడిలో తల్లిదండ్రుల దినం. ఆయన పెళ్ళినాటి కండువాను భుజాన కప్పుకుని వెళ్ళాను. చల్లటి హాలు. చలికి బొబ్బలు చురుక్కుమన్నాయి.

ఇంటి దగ్గర నేర్చుకున్న మాట గురించి పిల్లలు మాట్లాడాలి. శర్వాణి గారి కొడుకు, మా అమ్మ రోజూ గాడిదా అంటుంది అని మొదలుపెడితే అందరూ నవ్వారు. శర్వాణి గారు కూడా సిగ్గుపడి నవ్వారు. తర్వాత మా చిత్రావతి వేదిక ఎక్కింది.

"మా నాన్న వన్నూరప్ప. మీ ఇళ్ళలో వెలిగే దీపాల కోసం ఆయన మిట్టమధ్యాహ్నం ఎండలో పలకలు కడిగేవారు. చివరి క్షణంలో నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. భయపడకు తల్లీ, చెయ్యి వదిలి ధైర్యంగా నిలబడు అన్నారు. అందుకే వదిలాను. అందుకే నేను ఏడవలేదు. మా నాన్న భయమంటే ఎరగని మనిషి."

హాలంతా చప్పట్లు. పక్క కుర్చీలో శర్వాణి గారు నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆమని మేడం మైకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇలాంటి మాట ఎలా పుడుతుందో ఆ హాల్లో నాతోపాటు ఆమెకూ తెలుసు.

"తల్లిగారు ఒక్క మాట చెబుతారా? ఇష్టం లేకపోతే వద్దు," అంది మెల్లగా.

మైకు అందుకున్నాను. పెద్దవాళ్ళ చెవులకు పూసలు ఉండవు. నేను ఏదంటే అది వింటారు. ఈ బడి ఏం చేసిందో, మావాళ్ళ ఇళ్ళకు ఏం చేస్తోందో వీళ్ళ మొహాల మీద చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. నోరు తెరిచాను. వేదిక మీదనుంచి పాప నా వైపే చూస్తోంది. వాళ్ళ నాయన ఖాళీ చెయ్యి సంగతి తెలియని కళ్ళతో చూస్తోంది.

"అవును," అన్నాను. "మా ఆయన ఆ మాటే అన్న్యాడు."

మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇంటికి నడిచొస్తుంటే పాప నా వేలు పట్టుకుంది. "నాన్న గురించి ఇంకా చెప్పమ్మా," అంది. చెప్పాను. ఆయన మా పెళ్ళిలో బెల్లం పాకం కోసం వంటవాళ్ళతో కొట్లాడింది, పలకల మీద జారిపడి రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా కుంటింది, పాప పుట్టినప్పుడు ఎత్తుకోవడానికి భయపడి గోడవైపు తిరిగి నిలబడింది, అన్నీ నా మాటల్లోనే, ఆయన తిట్లతో సహా, దారి పొడవునా చెప్పాను. వాటిలో ఏ మాట ఎలా చేరిందో నాకు తెలియదు. పాప మధ్యమధ్యలో నవ్వుతూనే ఉంది. నవ్వొచ్చే చోట్ల మాత్రం నవ్వలేదు.